నిదానం: పాత ఆటోమాటిక్ కారు నేర్పే పాఠం

తెలుగులో 'నిదానం' అనే మాటకు రెండర్థాలున్నాయి. వైద్యశాస్త్రంలో అది రోగకారణాన్ని నిర్ణయించడం. 'మాధవ నిదానం' అనే గ్రంథనామంలో ఉన్నది ఈ అర్థమే. లోకవ్యవహారంలో అది తొందరపడకపోవడం. ఉర్దూలో మొదటి అర్థానికి 'తష్‌ఖీస్' అనే చక్కని పదమున్నది గాని, అందులో రెండవ అర్థం ధ్వనించదు. ఈ రెండర్థాలు ఒకదానినొకటి ఎట్లా ఆశ్రయించి ఉన్నాయో తెలుపడానికి యంత్రశాస్త్రం నుండి ఒక ఉదాహరణను గ్రహిస్తున్నాను. భాషాధ్యాపకునికి గేరు బాక్సుతో పని ఏమని విద్యార్థులు నవ్వుకోవచ్చును. చివరివరకు చదివిన పిదప నవ్వినా అభ్యంతరం లేదు.

క్లచ్చి తొక్కనవసరం లేకుండా తనంతట తానే గేర్లు మార్చుకొనే యంత్రం 1940 నమూనా ఓల్డ్స్‌మొబిల్ కార్లతో అమెరికాలో వ్యాప్తిలోనికి వచ్చింది. ఆ కోవలో 1969 నమూనా నుండి షెవర్లే మొదలైన కార్లలో అమర్చిన మూడు గేర్ల 'టర్బో హైడ్రామాటిక్ 350' ప్రసిద్ధమైనది. నేటి కార్లలో వలె దానికి కంప్యూటరు లేదు. ఆయిలు పీడనమే దాని బుద్ధి.

ఆ బుద్ధి పనిచేసే తీరు తక్కెడను పోలి ఉంటుంది. ఒక సిబ్బెలో కారు వేగం. 'గవర్నరు' అనే భాగం వేగం పెరిగినకొద్దీ పీడనాన్ని పెంచి పై గేరు వేయమంటుంది. రెండవ సిబ్బెలో ఇంజను మోస్తున్న భారం. 'మాడ్యులేటరు' అనే చిన్న డబ్బా ఆ భారాన్ని బట్టి పీడనాన్ని పెంచి కొంత ఆగమంటుంది. మొదటిది బరువైనపుడు గేరు మారుతుంది. ఇంజను భారం మాడ్యులేటరుకు ఎట్లా తెలుస్తుంది? ఇంజను గాలిని పీల్చేటపుడు పుట్టే వాక్యూం ఒక సన్నని గొట్టం ద్వారా దానికి చేరుతుంది. భారం తక్కువైతే వాక్యూం ఎక్కువ. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే వాక్యూం దాదాపు లేనట్లే.

ఇప్పుడొక పాత కారును ఊహించండి. రెండవ గేరు ఎంతకూ పడదు. పడినపుడు వెనుకనుండి ఎవరో తన్నినట్లు కుదుపుతుంది. గేరు బాక్సు చెడిపోయిందని, విప్పి క్లచ్చి ప్లేట్లు మార్చాలని చూచినవారందరూ అంటారు. కాని ఆ గొట్టం చివర ఉండే రబ్బరు ముక్క ఎండకు, వేడికి చీలిపోయి ఉండవచ్చును. అపుడు మాడ్యులేటరుకు వాక్యూం అందదు. మీరు మెల్లగా పోతున్నా, పూర్తి భారంతో ఎత్తు ఎక్కుతున్నారనే అది భ్రమిస్తుంది. గేరు బాక్సు తప్పు చేయడం లేదు. తప్పుడు వార్త విని సరియైన పని చేస్తున్నది. దానిని విప్పి కొత్త సామాను వేసి, మళ్ళీ ఆ చీలిన గొట్టమే తగిలిస్తే వ్యాధి యథాతథం. యజమాని సొమ్ము, మెకానిక్ పరువు రెండూ పోతాయి.

కనుక పరీక్షకు ఒక క్రమం ఉన్నది. హకీము నబ్జ్, ఖారూరా చూడనిదే నుస్ఖా వ్రాయడు. ఇక్కడ మొదట చూడవలసినది ఆయిలు. కారు సమతలంపై నిలిపి, పార్క్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను వేడెక్కి నడుస్తుండగానే కొలత చూడాలి. తక్కువైతే గేరు జారుతుంది. ఎక్కువైతే తిరిగే భాగాలు దానిని చిలికి నురుగు చేసినా జారుతుంది. శుభ్రమైన ఆయిలు ఎర్రగా ఉంటుంది. నల్లబడి మాడు వాసన కొడితే క్లచ్చి ప్లేట్లు కాలినవన్నమాట. పాలు కలిపినట్లు గులాబీ రంగుకు తిరిగితే రేడియేటరు నీరు కలిసింది. ఆ బండిని ఇక నడపరాదు.

రెండవది గొట్టం. ఇంజను నడుస్తుండగా మాడ్యులేటరు దగ్గర దానిని ఊడదీసి గేజి పెట్టాలి. ఆరోగ్యమైన ఇంజను తీరికగా తిరిగేటపుడు సుమారు 15 నుండి 20 అంగుళాల పాదరసమానం చూపుతుంది. గొట్టం బాగుండి కూడ అంకె తక్కువైతే దోషం ఇంజనులో వెదకాలి. గొట్టంలో ఎర్రని ఆయిలు కనబడితే మాడ్యులేటరులోని పలుచని పొర చిరిగింది. నేలమీద చుక్క పడకుండానే ఆయిలు తరిగిపోవడం, పొగగొట్టం నుండి తెల్లని పొగ రావడం దీని లక్షణాలే. ఇంజనే ఆ ఆయిలును త్రాగుతున్నది.

మూడవది యాక్సిలరేటరుకు కట్టిన కేబులు, దాని వెనుక గవర్నరు. కేబులు బిగుసుకుంటే గేరు ఆలస్యమవుతుంది. గవర్నరు పట్టుకుంటే మొదటి గేరు దాటకపోవచ్చును. ఆపైన గేజితో ఆయిలు పీడనం కొలవాలి. అడుగు పళ్ళెం దించి, ప్లేట్ల పొడి, లోహపు ముక్కలు ఉన్నవేమో చూడాలి. ఉంటే సందేహం లేదు, విప్పవలసినదే. అపుడు చిన్న ఖర్చుతో సరిపెట్టబోవడం కూడ తొందరపాటే.

నొప్పి కనబడిన చోటనే రోగమున్నదని నిర్ణయించడం సులభం. తరగతిలో వెనుకబడిన విద్యార్థిని మందబుద్ధి అని తేల్చడమూ అటువంటిదే. ఒక్కొక్కప్పుడు అతనికి చేరవలసినది చేర్చే గొట్టమే ఎక్కడో చీలి ఉంటుంది. విప్పే ముందు దానిని వెదకడం మన విధి. నిదానమే ప్రధానమన్న మాటకు రెండర్థాలూ నిజమే.