ఓఎల్ఈడీలో 'ఓ' అంటే ఏంటి? బర్న్-ఇన్ నుంచి కరెంట్ పారే ప్లాస్టిక్ దాకా

మా బాపు ఫోన్‌కి మూడేళ్లు. పరకాలలో ఇంట్లో ఉన్నంతసేపూ దాన్ని అడ్డంగా పెట్టి యూట్యూబ్‌లో న్యూస్ ఛానల్ లైవ్ చూస్తుంటాడు, బ్రైట్‌నెస్ ఫుల్. మొన్న వాట్సాప్ తెరిస్తే తెల్లటి స్క్రీన్‌కి ఒక పక్కన పైనుంచి కిందిదాకా లేత పసుపు పట్టీ కనిపించింది. ఛానల్‌లో స్క్రోలింగ్ వార్తలు నడిచే పట్టీ అది. ఒక మూలన లోగో నీడ కూడా. "ఛానల్ బంద్ జేసినా లోగో పోతలేదేందిరా?" అన్నాడు. రిపేర్ షాపుకి తీసుకెళ్తే, "కాంబో మార్చాలె అన్నా" అన్నారు. ఒరిజినల్ కాంబో రేటు ఫోన్ కొన్న ధరలో దాదాపు సగం. తక్కువలో కావాలంటే ఎల్‌సీడీ వేస్తారట, కానీ స్క్రీన్ కింది ఫింగర్‌ప్రింట్ పనిచేయదు.

దీన్ని బర్న్-ఇన్ అంటారని మీకు తెలుసు. రివ్యూల్లో మేమూ ఒక లైన్ రాసి వదిలేస్తాం. కానీ మా హాల్లో ఎల్ఈడీ బల్బు కూడా రోజూ గంటల తరబడి వెలుగుతుంది, దానికి ఈ రోగం లేదు. తేడా అంతా ఓఎల్ఈడీ ముందున్న 'ఓ' లోనే ఉంది. ఓ అంటే ఆర్గానిక్, అంటే కార్బన్‌తో చేసిన సెమీకండక్టర్. నేను సీఎస్ఈ వాణ్ని, కెమిస్ట్రీని ఇంటర్‌తోనే వదిలేశా. ఈ ఆర్టికల్ కోసం మళ్లీ బెంజీన్ బొమ్మ దాకా వెళ్లాల్సొచ్చింది. మీరూ రండి, ఇంటర్ లెవెల్ దాటదు.

ప్లాస్టిక్‌లో కరెంట్ ఎలా పారుతుంది?

కరెంట్ వైరు మీద తొడుగు ప్లాస్టిక్కే. అందులోంచి కరెంట్ రాదన్న నమ్మకంతోనే మనం వైరు పట్టుకుంటాం. ప్లాస్టిక్ అంటే పాలిమర్, వేల కార్బన్ అణువులు వరుసగా కట్టిన గొలుసు. మామూలు పాలిమర్‌లో బంధాలన్నీ సింగిల్ బాండ్లే, ప్రతి ఎలక్ట్రాన్ తన రెండు అణువుల మధ్యే ఇరుక్కుని ఉంటుంది. అదే గొలుసులో ఒక సింగిల్, ఒక డబుల్, మళ్లీ సింగిల్, మళ్లీ డబుల్ అని వరుస పెడితే కథ మారుతుంది. డబుల్ బాండ్‌లోని రెండో జత ఎలక్ట్రాన్లు ఒకచోట ఉండవు, గొలుసు పొడుగునా పరుచుకుంటాయి. బెంజీన్ రింగులో మధ్యన సున్నా ఎందుకు గీస్తారో గుర్తుందా? అదే విషయం, రింగు బదులు పొడుగ్గా సాగదీశారంతే.

అయినా అంతటితో కరెంట్ పారదు. ఊళ్లో స్లాబ్ వేసే రోజు గుర్తు తెచ్చుకోండి. మిల్లర్ నుంచి స్లాబ్ దాకా మనుషులు వరుసగా నిలబడి తట్టలు అందించుకుంటారు. అందరి చేతుల్లోనూ తట్ట ఉంటే ఎవరూ ఎవరికీ ఇవ్వలేరు, వరుస ఆగిపోతుంది. చివర్లో ఒకడి తట్ట తీసేయండి. వాడి చేతులు ఖాళీ, పక్కవాడు తనది ఇస్తాడు, ఇప్పుడు వాడి చేతులు ఖాళీ. తట్టలు ఒకవైపు కదులుతుంటే 'ఖాళీ' ఎదురువైపు నడుస్తుంది. ఆ ఖాళీనే మనం బీటెక్ ఫస్టియర్లో 'హోల్' అని బట్టీ పట్టింది.

1977లో హీగర్, మక్‌డయార్మిడ్, షిరకావా చేసింది సరిగ్గా ఇదే. పాలీఎసిటిలీన్ అనే పాలిమర్ పొరకి అయోడిన్ ఆవిరి తగిలించారు. అయోడిన్ కొన్ని తట్టలు లాగేసుకుంది. కండక్టివిటీ కోటి రెట్లకు పైగా పెరిగింది. అసలు ఆ పొర పుట్టిందే పొరపాటు వల్ల: అంతకుముందు షిరకావా ల్యాబ్‌లో ఎవరో కేటలిస్ట్‌ని వెయ్యి రెట్లు ఎక్కువ కలిపేస్తే నల్లటి పొడి రావాల్సిన చోట వెండిలా మెరిసే పొర వచ్చింది. 2000లో ముగ్గురికీ కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు.

మీ ఫోన్‌లో ఉన్నది మాత్రం ఈ పాలిమర్ కాదు

ఇక్కడే చాలామంది, మొన్నటిదాకా నేను కూడా, పొరపడతాం. మడతపడే స్క్రీన్ చూడగానే 'ప్లాస్టిక్ ఎలక్ట్రానిక్స్ వచ్చేసింది' అనుకుంటాం. ఫోల్డబుల్ స్క్రీన్‌లో ప్లాస్టిక్ ఉంది నిజమే, పాలీఇమైడ్ అనే అడుగుపొర. అది పూర్తి ఇన్సులేటర్, కేవలం ఆధారం. దాని మీది ట్రాన్సిస్టర్లలో ప్రధానంగా సిలికానే. సిలికాన్ ఎందుకు విరగదంటే పొర అంత పల్చన కాబట్టి. ఇక వెలుగు ఇచ్చే పొర ఆర్గానిక్కే, కానీ గొలుసులు కాదు, చిన్న చిన్న అణువులు.

ఈ రెండు దారులూ దాదాపు ఒకే కాలంలో మొదలయ్యాయి. 1987లో కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, వాన్ స్లైక్ చిన్న అణువులతో పది వోల్టుల లోపే ఆకుపచ్చ వెలుగు తెప్పించారు. 1990లో కేంబ్రిడ్జిలో బరోస్, బ్రాడ్లీ, ఫ్రెండ్, హోమ్స్ బృందం పీపీవీ అనే పాలిమర్‌ని వెలిగించింది. అప్పట్లో అందరి ఆశా రెండోదాని మీదే. కారణం సింపుల్. చిన్న అణువుల్ని వాక్యూమ్ ఛాంబర్‌లో ఆవిరి చేసి, సన్నటి రంధ్రాలున్న మెటల్ మాస్క్ గుండా అతికించాలి. పాలిమర్‌ని అయితే ద్రావకంలో కరిగించి ఇంకులా ప్రింట్ చేయొచ్చు. ఫ్లెక్సీ కొట్టినట్టు డిస్‌ప్లేలు కొట్టొచ్చు అన్నమాట! 2002లో ఫిలిప్స్ ఒక షేవర్‌లో పాలిమర్ డిస్‌ప్లే పెట్టింది కూడా.

ఫోన్లలో మాత్రం చిన్న అణువులే గెలిచాయి. ఇంకు మీద ఇంకు ప్రింట్ చేస్తే పై పొర ద్రావకం కింది పొరని కరిగించేస్తుంది. మంచి ఓఎల్ఈడీకి ఒకదాని మీద ఒకటి చాలా పొరలు కావాలి. పైగా చిన్న అణువుల్ని ఆవిరి చేసి మళ్లీ గడ్డకట్టించి శుద్ధి చేయొచ్చు. పాలిమర్ ఆవిరి కాదు. గొలుసులన్నీ ఒకే పొడవు ఉండవు, తయారీలో వాడిన కేటలిస్ట్ మిగులుతుంది. ఆ మలినాల దగ్గరే తట్టలు ఇరుక్కుపోతాయి. వేగం సంగతి సరే సరి: ఒక గొలుసు మీంచి ఇంకో గొలుసు మీదికి దూకుతూ వెళ్లాలి. క్రిస్టల్ సిలికాన్‌లో ఎలక్ట్రాన్ మొబిలిటీ 1400 దాకా ఉంటే, అదే యూనిట్లలో మంచి పాలిమర్‌కి 1 వస్తేనే గొప్ప. ప్లాస్టిక్ ప్రాసెసర్ వార్తలు చూసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చే అంకె ఇది.

మరి పసుపు పట్టీ ఎందుకు?

చిన్న అణువైనా, పాలిమరైనా రోగం ఒకటే. బల్బులోని ఎల్ఈడీ గట్టి క్రిస్టల్. ఆర్గానిక్ అణువుల్లో కార్బన్-నైట్రోజన్ లాంటి బంధాల బలం సుమారు 3 ఎలక్ట్రాన్ వోల్టులు. నీలం వెలుగుకి ఒక్కో అణువులోకి దాదాపు 2.7 ఎక్కించాలి. అలా ఎనర్జీతో ఉన్న అణువు పక్కన అలాంటిదే ఇంకోటి తగిలితే రెండింటి ఎనర్జీ ఒకచోట చేరి బంధం తెగుతుంది. తెగిన అణువు ఇక వెలగదు. ఎరుపు, ఆకుపచ్చలకి ఎనర్జీ తక్కువ కాబట్టి అవి ఎక్కువ కాలం బతుకుతాయి. అందుకే చాలా ఫోన్లలో నీలం సబ్‌పిక్సెల్‌ని పెద్దది చేస్తారు, ఒక్కోదాని మీద భారం తగ్గేలా. తెలుపులోంచి నీలం తగ్గితే మిగిలేది పసుపు. బాపు స్క్రీన్ మీద ఉన్నది అదే.

ఉస్మానియా నుంచి స్విట్జర్లాండ్‌కి

డిస్‌ప్లేలో ఓడిన పాలిమర్‌కి వేరే చోట పని దొరికింది. ఇందులో మన హైదరాబాద్ లింకు ఒకటుంది. మహమ్మద్ ఖాజా నజీరుద్దీన్ ఉస్మానియాలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసి, 1980ల చివర్లో స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్‌లో గ్రాట్జెల్ ల్యాబ్‌కి వెళ్లారు. సోలార్ సెల్స్‌లో వాడే రుథేనియం రంగులతో పేరు తెచ్చుకున్నారు. 2013లో కొరియాలోని సాంగ్ ఇల్ సియోక్ టీమ్‌తో కలిసి ఆయన, గ్రాట్జెల్ 'నేచర్ ఫోటోనిక్స్'లో ఒక పేపర్ వేశారు. పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్‌లో కొన్ని సెమీకండక్టింగ్ పాలిమర్లను ఒక్కొక్కటిగా పెట్టి చూశారు.

వెలుతురు పడితే పెరోవ్‌స్కైట్ పొరలో నిండు తట్ట, ఖాళీ రెండూ పుడతాయి. రెండూ మళ్లీ కలిసిపోతే కరెంట్ లేదు. కాబట్టి ఒక గుమ్మం తట్టలకి, ఇంకో గుమ్మం ఖాళీలకి మాత్రమే ఉండాలి. తట్టల గుమ్మం టైటానియం ఆక్సైడ్. ఖాళీల గుమ్మంగా పీటీఏఏ అనే పాలిమర్ అన్నింటికంటే బాగా పనిచేసింది: 12 శాతం ఎఫిషియెన్సీ. ఆ టెక్నాలజీ ల్యాబ్ రికార్డు ఇప్పుడు 26 శాతం దాటింది. ఇక్కడ పాలిమర్ మెరవాల్సిన పని లేదు, నీలం వెలుగు ఇవ్వాల్సిన పనీ లేదు. ఇంకులా పల్చగా పరుచుకుని ఖాళీలను దాటిస్తే చాలు. దానికి చేతనైన పని అదే. స్క్రీన్లలో దాని కోసం ఎదురుచూసిన వాళ్లకి ఇది చిన్న పనిలా అనిపించొచ్చు, నాకైతే లేదు.

బాపు ఫోన్‌కి కాంబో వేయించలేదు. ఆటో బ్రైట్‌నెస్ ఆన్ చేసి, న్యూస్ కోసం నా పాత ఎల్‌సీడీ ట్యాబ్ ఇచ్చా. అందులో వెలుగు వెనకున్న మామూలు ఎల్ఈడీలది కాబట్టి లోగో ఎంతసేపు నిలబడ్డా ఇలా పిక్సెల్ కాలిపోదు. స్పీకర్ సౌండ్ సరిపోవట్లేదని ఇప్పుడు కొత్త గొడవ.