నిజామాబాద్ – బోధన్ ప్రాంతంలో ఇంటి కుండీల్లో సేజ్ పెంపకం: కాలక్రమం, కుండీ మిశ్రమం, నీటి యాజమాన్యం

సారాంశం

సేజ్ మధ్యధరా ప్రాంతానికి చెందిన సుగంధ పత్ర మొక్క. శీతల దేశాల్లో దీనిని చలికాలంలో ఇంట్లోకి చేర్చి కాపాడతారు. నిజామాబాద్ పట్టణంలోనూ బోధన్ పరిసరాల్లోనూ ఈ క్రమం తారుమారవుతుంది. ఇక్కడ చలికాలమే మొక్క ఆరుబయట పెరిగే కాలం. ఇంటి రక్షణ అవసరమయ్యేది ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు. ఈ ఆరు నెలల్లో మొక్కకు ఎండ కంటే వేరు చుట్టూ నిలిచే తేమ ఎక్కువ హాని చేస్తుంది. స్థానికంగా దొరికే చలక మట్టి, దొడ్డు ఇసుక, నల్లగా కాల్చిన వరి ఊకలతో కుండీ మిశ్రమాన్ని తయారుచేసుకునే విధానాన్ని, నెలలవారీ యాజమాన్యాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

మొక్క గుర్తింపు

సేజ్ శాస్త్రీయ నామం సాల్వియా అఫిసినాలిస్. ఇది తులసి, పుదీనాలు ఉన్న లామియేసి కుటుంబానికి చెందిన బహువార్షిక పొద. సుమారు 60 సెం.మీ. ఎత్తు పెరుగుతుంది. ఆకులు కోలగా, బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంటాయి. వాటి ఉపరితలం సన్నని నూగుతో గరుకుగా ఉంటుంది. నలిపితే కర్పూరాన్ని పోలిన ఘాటైన వాసన వస్తుంది.

నర్సరీల్లో ‘సాల్వియా’ పేరుతో సాధారణంగా అమ్మేది ఎర్రని పూలు పూసే సాల్వియా స్ప్లెండెన్స్. అది అలంకరణ మొక్క. దాని ఆకులను వంటలో వాడరు. చియా గింజలనిచ్చే సాల్వియా హిస్పానికా కూడా ఇదే ప్రజాతికి చెందినా వేరే జాతి. కాబట్టి పేరును నమ్మి కొనకుండా, ఆకు రంగు, నూగు, వాసన మూడింటినీ చూసి నిర్ధారించుకోవాలి.

స్థానిక వాతావరణం – తారుమారైన కాలక్రమం

సేజ్ బాగా పెరగడానికి 15 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, ధారాళమైన ఎండ, పొడి గాలి అనుకూలం. నిజామాబాద్‌లో ఈ మూడూ కలిసి వచ్చే కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మాత్రమే. ఆ నెలల్లో కుండీని డాబాపై గానీ, ఆరుబయట గానీ పూర్తి ఎండలో ఉంచవచ్చు. ఏడాది పొడవునా ఇంటి లోపలే ఉంచిన మొక్క ఈ మంచి కాలాన్ని కోల్పోతుంది. అది సన్నగా సాగి, వాసన తగ్గి, వానాకాలానికి బలహీనంగా చేరుతుంది.

మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. డాబాపై ఉన్న నల్లని ప్లాస్టిక్ కుండీలో వేరు చుట్టూ వేడి గాలి ఉష్ణోగ్రతను మించిపోతుంది. జూన్‌లో వర్షాలు మొదలయ్యాక వేడి కొంత తగ్గినా గాలిలో తేమ పెరుగుతుంది, వెలుతురు తగ్గుతుంది, కుండీ ఆరడం ఆలస్యమవుతుంది. ఎండాకాలాన్ని తట్టుకున్న మొక్క జూలై, ఆగస్టుల్లో చనిపోవడానికి ఇదే కారణం.

కిటికీ ఎంపిక

ఉత్తర దేశాల పుస్తకాలు దక్షిణపు కిటికీని సిఫారసు చేస్తాయి. నిజామాబాద్ సుమారు 18.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. మే మూడో వారం నుంచి జూలై చివరి వారం వరకు ఇక్కడ మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కొద్దిగా ఉత్తరాన ఉంటాడు. మార్చి చివర నుంచి సెప్టెంబరు వరకు, 45 సెం.మీ. సన్‌షేడ్ ఉన్న సాధారణ దక్షిణపు కిటికీపై మధ్యాహ్నపు ఎండ దాదాపు పడదు. డిసెంబరులో మాత్రం సూర్యుడు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కిటికీ 1.2 మీటర్ల ఎత్తున్నదైతే అప్పుడు దాని అడుగుమట్టంలో ఎండ సుమారు 60 సెం.మీ. లోపలికి వస్తుంది.

దీనిని బట్టి ఇంటి లోపల దక్షిణపు కిటికీ చలికాలానికే పనికివస్తుంది. ఎండాకాలం, వానాకాలాల్లో తూర్పు కిటికీ గానీ, తూర్పు వరండా గానీ మేలు. అక్కడ ఉదయపు ఎండ మూడు, నాలుగు గంటలు అందుతుంది, పడమటి తీవ్రత తప్పుతుంది. మబ్బు పట్టిన వారాల్లో మొక్క కొనకు 15 నుంచి 30 సెం.మీ. ఎత్తులో తెల్లని ఎల్ఈడీ దీపాన్ని రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగిస్తే వెలుతురు లోటు చాలావరకు తీరుతుంది. కూలర్ గాలి నేరుగా తగిలే చోట కుండీని ఉంచరాదు. ఆ తేమగాలి వల్ల ఆకులు ఆరవు.

కుండీ మిశ్రమం

బోధన్ మండలంలోని కాలువ కింది నల్లరేగడి మట్టి పొలంలో చెరకుకు, వరికి అనుకూలమైనదే. కుండీలో మాత్రం అది తడిసినప్పుడు ఉబ్బి గాలిని మూసివేస్తుంది, ఎండినప్పుడు బిగిసి వేళ్లను తెంపుతుంది. సేజ్‌కు దీనిని వాడరాదు.

చెరకు ప్రాంతంలో ప్రెస్‌మడ్‌ను, చెరకు పిప్పిని ఎరువుగా వాడే అలవాటు ఉంది. గానుగాడిన చెరకు బరువులో సుమారు 3 నుంచి 4 శాతం ప్రెస్‌మడ్‌గా మిగులుతుంది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1930ల చివర మొదలైన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. దాంతో అక్కడివారికి ఈ పదార్థం ఇంటి ముంగిట దొరకడం లేదు. ఇతర కర్మాగారాల నుంచి తెచ్చుకున్నా పచ్చి ప్రెస్‌మడ్‌ను కుండీలో వేయరాదు. అది కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది, నీటిని కూడా ఎక్కువగా పట్టి ఉంచుతుంది. పచ్చి చెరకు పిప్పిలో కర్బనం ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. దానిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాక్కోవడంతో మొక్క పసుపుబారుతుంది. రెండింటినీ పూర్తిగా చివికిన తరువాతే, కొద్ది మోతాదులో వాడాలి.

నేడు జిల్లాలో పుష్కలంగా ఉన్నది రైస్ మిల్లుల ఊక. గాలి తక్కువగా తగిలేలా కాల్చి, నల్లగా మారగానే నీళ్లు చల్లి ఆర్పిన ఊక కుండీని గుల్లగా ఉంచుతుంది. తెల్లని బూడిద అయ్యేదాకా కాలిస్తే అది మెత్తబడి రంధ్రాలను మూస్తుంది, క్షారగుణాన్నీ పెంచుతుంది.

కొలత ప్రకారం జల్లించిన చలక మట్టి రెండు వంతులు, కడిగిన దొడ్డు ఇసుక రెండు వంతులు, నల్లగా కాల్చిన ఊక ఒక వంతు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా ప్రెస్‌మడ్ ఒక వంతు కలపాలి. ఉదజని సూచిక 6.0 నుంచి 7.5 మధ్య ఉంటే చాలు. 20 నుంచి 25 సెం.మీ. లోతు, అడుగున రంధ్రం ఉన్న మట్టి కుండీ శ్రేష్ఠం. దాని గోడల గుండా కూడా తేమ ఆవిరవుతుంది. అడుగున రాళ్ల పొర వేస్తే నీరు త్వరగా పోతుందన్న అభిప్రాయం సరికాదు. నీరు సన్నని మట్టి నుంచి దొడ్డు రాళ్లలోకి సులభంగా దిగదు. రాళ్ల పైనున్న మట్టిలోనే నిలిచి, తడి పొరను వేళ్లకు మరింత దగ్గర చేస్తుంది. రంధ్రంపై ఒక పెంకు ముక్క చాలు.

ప్రవర్ధనం

విత్తనాలు సుమారు 20 డిగ్రీల వద్ద రెండు, మూడు వారాల్లో మొలకెత్తుతాయి. కాబట్టి అక్టోబరు చివర గానీ, నవంబరులో గానీ అర సెంటీమీటరు లోతున విత్తుకోవాలి. పాత విత్తనం మొలకశాతం త్వరగా తగ్గుతుంది. పూత లేని లేత కొమ్మల కొనలను 8 నుంచి 10 సెం.మీ. పొడవున కత్తిరించి, ఇసుక, కొబ్బరిపొట్టు మిశ్రమంలో నాటితే నాలుగు నుంచి ఆరు వారాల్లో వేళ్లు వస్తాయి. ఫిబ్రవరిలో రెండు, మూడు కత్తిరింపులు నాటుకుంటే వానాకాలంలో తల్లి మొక్క పోయినా వంశం నిలుస్తుంది.

నీరు, పోషకాలు

సేజ్‌కు రోజులు లెక్కపెట్టి నీరు పోయరాదు. వేలిని 3 సెం.మీ. లోతుకు గుచ్చి, పొడిగా తగిలినప్పుడే పోయాలి. పోసినప్పుడు రంధ్రం నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో చేరిన నీటిని అరగంటలోపు పారబోయాలి.

తడి మట్టిలో ఉన్న మొక్క కూడా వాలిపోతుంది. గాలి అందక దెబ్బతిన్న వేళ్లు నీటిని పీల్చలేకపోవడమే దానికి కారణం. పెంచేవారు దానిని దాహంగా భావించి మళ్లీ నీరు పోస్తారు, మొక్క చనిపోతుంది. అందుచేత వాలిన మొక్కకు నీరు పోసే ముందు మట్టిని తాకి చూడడం ఈ పెంపకంలో అన్నిటికంటే ముఖ్యమైన పని. మట్టి తడిగా ఉంటే నీరు ఆపి, గాలి ఆడే వెలుతురు చోటికి మార్చాలి.

బోరు నీటి లవణాలు కుండీ అంచున తెల్లని పొరగా పేరుకుంటే, వాన నీటితో ఒకసారి మట్టిని బాగా కడిగి ఆరనివ్వాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నెలకు ఒక గుప్పెడు వర్మికంపోస్టు సరిపోతుంది. నత్రజని ఎక్కువైతే ఆకు మెత్తగా పెరిగి వాసన తగ్గుతుంది. వానాకాలంలో ఎరువు వేయరాదు.

తెగుళ్లు, పురుగులు

పసుపులో దుంపకుళ్లుకు కారణమయ్యే పిథియం జాతులు సేజ్‌లోనూ వేరుకుళ్లును కలిగిస్తాయి. నీరు నిలిస్తే దుంప కుళ్లుతుందని ఆర్మూరు, నిజామాబాద్ పసుపు రైతులకు అనుభవపూర్వకంగా తెలుసు. కుండీకీ అదే సూత్రం. ముందుజాగ్రత్తగా కిలో చివికిన ఎరువుకు 20 గ్రాముల ట్రైకోడెర్మా విరిడె కలిపి, వారం రోజులు నీడలో తేమగా ఉంచి, తరువాత మిశ్రమంలో వాడాలి.

ఆకు సహజంగానే బూడిద రంగులో ఉండటంతో బూడిద తెగులును గుర్తించడం కష్టం. వేలితో తుడిస్తే తెల్లని పొడి అంటితే అది తెగులే. ఎండాకాలంలో ఎర్రనల్లి, మిగతా కాలాల్లో పిండినల్లి, తెల్లదోమ ఆశిస్తాయి. ఆకు అడుగుభాగాన్ని ఉదయం వేళ నీటితో కడగడం, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పిచికారీ చేయడం సరిపోతుంది. తినే ఆకు కనుక ఇంట్లో రసాయన మందులు వాడరాదు.

కోత, వాడకంలో జాగ్రత్త

ఒక కోతలో మొక్కలో మూడో వంతుకు మించి తీయరాదు. పసుపును ఎండలో ఎండబెట్టినట్లు సేజ్‌ను ఎండబెడితే సుగంధ తైలం ఆవిరవుతుంది. గాలి ఆడే నీడలో ఆరబెట్టి, మూత గట్టిగా ఉండే సీసాలో దాచాలి.

డాల్మేషియన్ సేజ్ తైలానికి సంబంధించిన ఐఎస్ఓ 9909 ప్రమాణంలో ఆల్ఫా థుజోన్ 18 నుంచి 43 శాతం వరకు ఉంటుంది. థుజోన్ అధిక మోతాదులో మూర్ఛను కలిగించగలదు. వంటలో రుచికి వేసే కొద్ది ఆకులతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. తైలాన్ని లోపలికి తీసుకోరాదు. గాఢమైన కషాయాన్ని రోజూ తాగడం కూడా మంచిది కాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూర్ఛవ్యాధి ఉన్నవారు ఔషధ మోతాదులో సేజ్ వాడరాదు.

పరిశీలనకు తగిన అంశాలు

విద్యార్థులు తక్కువ ఖర్చుతో చేయదగిన ప్రయోగాలు ఇందులో ఉన్నాయి. నల్లరేగడి, చలక, ఊక కలిపిన చలక – ఈ మూడు మిశ్రమాల్లో ఒకే వయసు కత్తిరింపులను నాటి, జూన్ నుంచి సెప్టెంబరు వరకు బతికిన మొక్కల శాతం, నీరు పోసిన తరువాత కుండీ బరువు తగ్గే వేగం, వేరు బరువు నమోదు చేయవచ్చు. తూర్పు, దక్షిణపు కిటికీల వద్ద నెలనెలా వెలుతురును లక్స్ మీటరుతో కొలిచి పోల్చవచ్చు.

ముగింపు

నవంబరులో ఆరుబయటికి, ఏప్రిల్‌లో తూర్పు నీడకు, వానాకాలంలో వాన తగలని వెలుతురు చోటికి కుండీని మార్చుతూ, మట్టిని తాకి చూసిన తరువాతే నీరు పోస్తే నిజామాబాద్ ఇండ్లలో సేజ్ ఏడాది దాటి నిలవగలదు. విస్తరణ శాస్త్రవేత్తలు ‘ఇంట్లో పెంచే మొక్క’ అన్న సూచనను యథాతథంగా అందించకుండా, ఏ నెలలో, ఏ కిటికీ వద్ద, ఏ మట్టిలో అన్న వివరాలతో అందించడం అవసరం.