రాత్రంతా తొక్కితే తెల్లారేసరికి సముద్రం

ప్రశ్న: లండన్‌లో ఉంటున్నాను. డన్విచ్ డైనమో సైకిల్ రైడ్‌కి వెళ్లాలని ఉంది, తోడు ఎవరూ లేరు. ఒక్కదాన్నే వెళ్లొచ్చా?

జవాబు: నిక్షేపంగా వెళ్లండమ్మా. హ్యాక్నీలోని లండన్ ఫీల్డ్స్ పార్కులో బయల్దేరేవరకే మీరు ఒంటరి. 1993లో మొదలైన ఈ రైడ్ సాధారణంగా జూలైలో, పౌర్ణమికి దగ్గరి శనివారం రాత్రి సాగుతుంది. సఫోక్ తీరంలోని డన్విచ్‌కి దాదాపు 180 కిలోమీటర్లు. పోటీ కాదు, ఎవరి వేగం వారిది.

ఎప్పింగ్ అడవి దాటాక పల్లెదారుల్లో చిమ్మచీకటి. ముందు వెళ్లేవాళ్ల ఎర్రలైట్ల వరసే దారి. ఓసారి నా టైరు పంక్చరైంది. నేను ట్యూబు మార్చినంతసేపూ ఎవరో ఒకాయన టార్చి పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత నా పంపు తీసుకుని గాలి కూడా తనే కొట్టాడు. మొహమైనా సరిగ్గా చూడలేదు, పేరూ అడగలేదు. తెల్లారాక గులకరాళ్ల ఒడ్డున ఆయన్ని గొంతును బట్టి గుర్తుపట్టాను!

రెండు స్పేర్ ట్యూబులు, మంచి లైట్లు పెట్టుకోండి. జూలై అయినా తెల్లవారుజామున వణికిస్తుంది, జాకెట్ తప్పనిసరి. డన్విచ్‌లో రైల్వే స్టేషన్ లేదు, తిరుగు ప్రయాణం ముందే చూసుకోండి.