తొట్టెలో సక్కర్ చేప.. నదిలో దెయ్యం చేప

అక్వేరియం గాజుకు పట్టిన నాచును గీకి తింటుందని సూరత్‌లోనూ చాలామంది సక్కర్ చేపను కొంటారు. దుకాణంలో అది వేలెడంతే ఉంటుంది. దక్షిణ అమెరికాకు చెందిన ఈ టెరిగోప్లిక్తిస్ క్యాట్‌ఫిష్ పెరిగితే 40 సెంటీమీటర్లు దాటుతుంది. పదేళ్లకు పైగా బతకగలదు. అప్పుడు ఇంటి తొట్టె చాలదు.

చంపడానికి మనసొప్పక, నగరం గుండా పారే తాపీ నదిలో వదిలేయాలనిపించడం సహజం. ప్రమాదం అక్కడే ఉంది. ఒంటిపై ఎముక పలకల కవచం ఉండటంతో దీన్ని తినే జీవులు తక్కువ. నీటిలో ఆక్సిజన్ తగ్గితే గాలిని మింగి, జీర్ణాశయం గోడల ద్వారా ఆక్సిజన్ తీసుకుంటుంది. గుడ్ల కోసం బొరియలు తవ్వి గట్లను బలహీనపరుస్తుంది. ముళ్లతో వలలను చింపుతుంది.

ఇలా వదిలిన చేపలు తెలుగు రాష్ట్రాల నీళ్లలోనూ స్థిరపడ్డాయి. మత్స్యకారులకు అది ‘దెయ్యం చేప’. తూర్పు కనుమల్లో దీని జాడను హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డీఎన్‌ఏ ద్వారా పసిగట్టారు.

అందుకే కొనేముందు చేప ఎంత పెరుగుతుందో అడగాలి. చిన్న తొట్టెకు 15 సెంటీమీటర్లలోపే ఆగిపోయే బ్రిస్టల్‌నోజ్ నయం. పెరిగిన చేపను దుకాణానికో, పెద్ద తొట్టె ఉన్నవారికో ఇవ్వాలి. నదిలో, చెరువులో మాత్రం వదలకూడదు.