చూసింది చూసినట్టు చెప్పగలరా?

మర్చంట్ నేవీలో చేరాలని ఉందంటూ సలహా అడిగే ఇంటర్ పిల్లలను ముందు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లి రమ్మంటాను. ఏ కాలేజీ, ఎంత ఫీజు, జీతం డాలర్లలోనా అన్న ప్రశ్నలన్నీ ఆ తర్వాత. డెక్ వైపు, అంటే ఓడను నడిపే వైపు వెళ్లేవాళ్లకు కళ్లద్దాలు లేకుండానే చూపు బాగుండాలి. ఇంజిన్ వైపు వెళ్లేవాళ్లకు కొంత పవర్ వరకు అద్దాలున్నా పర్వాలేదు. రంగులు సరిగ్గా తెలియని లోపం ఉంటే మాత్రం రెండు దారులూ మూసుకుపోతాయి. ఈ సంగతి రెండేళ్లు కష్టపడి చదివి, సీటు వచ్చాక తెలియడం కన్నా పదో తరగతి సెలవుల్లోనే తెలిస్తే ఎంతో నయం.

రంగుల విషయంలో ఇంత పట్టింపు ఎందుకో రాత్రిపూట విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడితే కొంత అర్థమవుతుంది. లంగరు వేసిన ఓడల మీద తెల్ల దీపాలు వెలుగుతుంటాయి. కదులుతున్న ఓడకు తెల్ల దీపాలతో పాటు ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ ఉంటాయి. చీకట్లో ఎదుటి ఓడ ఆకారం కనిపించదు. ఆ దీపాల రంగును బట్టే అది ఎటు పోతోందో పోల్చుకోవాలి. మన కుడివైపు నుంచి అడ్డంగా వచ్చే ఓడ ఎర్ర దీపం కనిపిస్తే తప్పుకోవలసింది మనం. ఎడమవైపు నుంచి వచ్చే ఓడ ఆకుపచ్చ దీపం కనిపిస్తే దారి ఇవ్వవలసింది ఆ ఓడ. 1972 నాటి అంతర్జాతీయ నియమావళి ఇదే చెబుతుంది. రాడార్ ఉన్నా, ఎన్ని తెరలు ఉన్నా, బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో, ఒక మనిషి కళ్లతో చూస్తూ ఉండాలన్న నియమం మాత్రం తీసేయలేదు.

రంగుల పరీక్షకు చుక్కల పుస్తకం ఒకటి చూపిస్తారు. జపాన్ కంటి వైద్యుడు ఇషిహారా 1917లో తయారుచేసిన పలకలవి. రంగురంగుల చుక్కల మధ్య దాగిన అంకెను చదవాలి. ఏ పలకలో ఏ అంకె ఉంటుందో బట్టీ పట్టి వెళ్లే పిల్లలూ ఉన్నారు. వాళ్ల మీద నాకు కోపం రాదు, భయం వేస్తుంది. కనిపించని అంకెను కనిపించిందని చెప్పిన నోరే రేపు బ్రిడ్జి మీద నిలబడి, కనిపించని దీపం గురించి కూడా ఏదో ఒకటి చెబుతుంది. అప్పుడు ఆ ఓడలో పాతికమంది నిద్రపోతుంటారు.

ఈ చదువుకు కావలసిన గుణాలంటూ ధైర్యం, సాహసం, నాయకత్వం అని పెద్ద మాటలు చాలా చెబుతారు. అవి వద్దనను. నన్నడిగితే వాటన్నిటికీ ముందుండాల్సింది ఒకటుంది: చూసింది చూసినట్టు చెప్పడం. కొలిచింది కొలిచినట్టు రాయడం, చేయని పని చేయలేదని ఒప్పుకోవడం అందులో భాగాలే. వినడానికి ఇది తేలికగా ఉంటుంది. మన చదువులు ఈ విషయంలో మనల్ని ఎంత పాడుచేశాయో చూడండి.

ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్ గుర్తు చేసుకోండి. లోలకాన్ని ఊపి, స్టాప్‌వాచ్ పట్టుకుని, డోలనాలు లెక్కపెట్టి గురుత్వ త్వరణం కనుక్కోవాలి. జవాబు 980 దగ్గర్లో రావాలని ముందే తెలుసు. అందుకని చాలాచోట్ల జవాబు నుంచి వెనక్కి లెక్క కట్టి రీడింగులు వేస్తారు. లేదంటే సీనియర్ రికార్డు తెచ్చి దించేస్తారు. మార్కులు పడతాయి, అడిగేవాళ్లు ఉండరు. ఇంత మామూలైపోయిన పని కాబట్టి ఇందులో అబద్ధం ఉందని కూడా ఎవరికీ తోచదు.

ఓడ ఎక్కిన కేడెట్‌కు మొదట్లో అప్పగించే పనుల్లో ట్యాంకుల సౌండింగ్ ఒకటి. కొసకు ఇత్తడి బరువున్న టేపును పైపులోంచి అడుగుదాకా దించి, పైకి లాగి, ఎక్కడిదాకా తడిసిందో చూసి పుస్తకంలో రాయాలి. ఒక్కో ట్యాంకు దగ్గరికీ నడవాలి, మూత విప్పాలి, ఎండలోనో వానలోనో వంగి కూర్చోవాలి. నిన్నటి కొలతలు పక్క పేజీలోనే ఉంటాయి. వాటినే కాస్త అటూ ఇటూ మార్చి రాసేస్తే పావుగంటలో పని అయిపోతుంది, పైగా ఆ రోజు ఎవరికీ తెలియదు కూడా. నీళ్లు ఉండకూడని చోటికి నీళ్లు చేరుతుంటే ముందుగా చెప్పేది ఆ టేపే. ఖాళీ ట్యాంకులో రెండు అంగుళాల నీరు ఎందుకు వచ్చిందని చీఫ్ ఆఫీసర్ ఆరా తీయాలంటే, ఆ రెండు అంగుళాలను కేడెట్ నిజంగా చూసి ఉండాలి. కాబట్టి మీ శిక్షణ అకాడమీలో మొదలవుతుందని అనుకోకండి. ఈ ఏడాది ప్రాక్టికల్స్‌లో జవాబు 950 వస్తే 950 అనే రాయండి. తేడా ఎందుకు వచ్చిందో లెక్చరర్‌ను అడగండి. ఒకటి రెండు మార్కులు పోతే పోనివ్వండి.

ఇక పుస్తకంలోని ఫిజిక్స్ ఓడలో ఎలా బతికి ఉంటుందో చెప్పకుండా ఉండలేను. ఓడ పక్కగోడ మీద వృత్తం, దాన్ని కోస్తూ ఒక గీత, ఆ పక్కనే మరికొన్ని గీతలు కనిపిస్తాయి. ఓడలను మోతాదుకు మించి నింపి నావికులను చంపుతున్నారని బ్రిటన్ పార్లమెంటులో పోరాడిన శామ్యూల్ ప్లిమ్సాల్ పేరుతో దాన్ని పిలుస్తారు. 1876లో అక్కడ చట్టం తప్పనిసరి చేసిన గీత అది. సముద్రపు నీటి కన్నా మంచినీటి సాంద్రత తక్కువ కాబట్టి నదీముఖ రేవులో ఓడ మరికాస్త లోతుకు దిగుతుంది. అందుకే మంచినీటికి వేరే గీత ఉంటుంది. ఆర్కిమెడిస్ సూత్రాన్ని రెండు మార్కుల ప్రశ్నగా చదివిన పిల్లవాడు రేవులో నీటి సాంద్రత కొలిచి, ఇంకా ఎన్ని టన్నులు ఎక్కించవచ్చో లెక్క కట్టడానికి సాయపడతాడు. ట్రిగనామెట్రీ కూడా అంతే. నక్షత్రాన్ని చూసి ఓడ ఎక్కడుందో తేల్చే లెక్కలకు పునాది అదే. బిట్లు పెట్టడం కోసం చదివితే ఇవి మూడు నెలల్లో మరిచిపోతారు.

చూడడం, చెప్పడం ఎంత పెద్ద పనో 2015 జూన్‌లో ఒడిశా తీరంలో జరిగిన సంఘటన చెబుతుంది. ఇంజిన్ చెడిపోయి, లంగరు కూడా పోయి గోపాల్‌పూర్ వైపు సముద్రంలో ఒక చేపల పడవ కొట్టుకుపోతోంది. పేరు దుర్గమ్మ. అందులో పదిహేనేళ్ల కుర్రాడి నుంచి యాభై ఏళ్ల మనిషి దాకా ఏడుగురు. తిండి, నీళ్లు అలలకు కొట్టుకుపోతే, చేపల కోసం దాచిన ఐసు తిని ప్రాణం నిలుపుకుంటున్నారు. 25 అడుగులు దాటిన అలలు, 60 నాట్లకు మించిన గాలి, కుండపోత వాన. ఆ దారిన పోతున్న షిప్పింగ్ కార్పొరేషన్ ఆయిల్ ట్యాంకర్ ‘సంపూర్ణ స్వరాజ్య’ సెకండ్ ఆఫీసర్ ఆ వానలో ఆ చిన్న పడవను చూశారు, కెప్టెన్‌కు చెప్పారు. కెప్టెన్ రాధికా మీనన్ ఓడను దగ్గరికి తిప్పించి, పైలట్ నిచ్చెన దించమన్నారు. మూడుసార్లు ప్రయత్నిస్తే గానీ ఏడుగురూ ఓడ మీదికి చేరలేదు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ మరుసటి ఏడాది ఆమెకు సాహస పురస్కారం ఇచ్చింది. ఆ పురస్కారం అందుకున్న తొలి మహిళ ఆమే. రేడియో ఆఫీసర్‌గా మొదలై కెప్టెన్ దాకా ఎదిగిన మనిషి. ఆ ధైర్యానికి ఎన్ని పురస్కారాలిచ్చినా తక్కువే. ఆ సెకండ్ ఆఫీసర్ గురించి కూడా ఆలోచించమంటాను. అలల నురుగులో ఏదో కదిలినట్టుంటే, ‘ఏ దుంగో అయి ఉంటుందిలే’ అనుకునే వీలు ఎవరికైనా ఉంటుంది.

చెప్పడంలో మన పిల్లలకు ఉన్న ఇంకో ఇబ్బంది, అర్థం కాకపోయినా తల ఊపడం. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఎదురు ప్రశ్న వేయకపోవడం మన ఇళ్లలో మర్యాద. ఓడలో అది ప్రమాదం. చుక్కాని పట్టినవాడు ఆఫీసర్ ఇచ్చిన ఆదేశాన్ని తిరిగి పలకాలి. పలికాక చేయాలి, చేశాక చేశానని చెప్పాలి. వినపడకపోతే మళ్లీ చెప్పమని అడగాలి. ‘అర్థం కాలేదు సార్, ఇంకోసారి చెప్పండి’ అన్న మాట సిగ్గుపడకుండా అనడం ఇప్పటినుంచే క్లాసులో మొదలుపెట్టండి. తెలుగు మీడియంలో చదివామని బెంగపెట్టుకున్నవాళ్లకు ఒక మాట. ఓడలో కావలసింది గొప్ప ఇంగ్లీషు కాదు, స్పష్టమైన ఇంగ్లీషు. వేర్వేరు దేశాలవాళ్లు పొరపాటు పడకుండా మాట్లాడుకోవడానికి వీలుగా పొట్టి పొట్టి వాక్యాల సంపుటిని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఆమోదించింది. శ్రద్ధ ఉన్న పిల్లలకు వాటిని నేర్చుకోవడం కష్టం కాదు.

చూడడం, చెప్పడంతో పాటు ఆగడం కూడా నేర్చుకోవాలి. మూసి ఉన్న ట్యాంకుల్లో, గదుల్లో ప్రాణాలు పోయిన ఉదంతాలు నౌకారంగంలో ఎన్నో ఉన్నాయి. తుప్పు పట్టే ఇనుము గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. వాసన ఉండదు, హెచ్చరిక ఉండదు, దిగిన మనిషి కుప్పకూలిపోతాడు. పైన ఉన్న స్నేహితుడు చూసి, కాపాడాలని వెంటనే దూకుతాడు. అతనూ పోతాడు. ముందు అలారం మోగించి, శ్వాస పరికరం వచ్చేదాకా ఆగాలని శిక్షణలో పదేపదే చెప్పేది అందుకే. స్నేహం కోసం ప్రాణమిచ్చే హీరోలను చూస్తూ పెరిగిన మనకు ఆ నిమిషం ఆగడం చాలా కష్టం. ఆవేశాన్ని పట్టి ఉంచడం కూడా ధైర్యమేనని ఈ వయసులోనే మనసుకు నేర్పుకోవాలి.

ఇక దారుల సంగతి. ఇవి యుద్ధనౌకల ఉద్యోగాలు కావు, సరుకు ఓడలవి. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే తికమకపడతారు. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ 2008లో ఏర్పడింది, ప్రధాన కార్యాలయం చెన్నైలో ఉంది. ప్రవేశాలకు సెట్ రాయాలి. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 60 శాతం, ఇంగ్లీషులో 50 శాతం మార్కులు అడుగుతారు. అయినా ఆ ఏడాది నోటిఫికేషన్ మీరే స్వయంగా చదవండి. డెక్ వైపు ఏడాది డిప్లొమా గానీ మూడేళ్ల బీఎస్సీ గానీ చేయాలి. ఇంజిన్ వైపు నాలుగేళ్ల బీటెక్ మెరైన్. విశాఖలో కూడా ఆ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది గదా అని సంబరపడి చేరేముందు, అక్కడ ప్రధానంగా నేర్పేది ఓడల డిజైన్ అని తెలుసుకోండి. కంటి పరీక్షలో ఆగిపోయిన పిల్లలు ఆ చదువు గురించి తప్పక ఆలోచించాలి. 1948లో ‘జల ఉష’ అనే ఓడను కట్టి నీళ్లలోకి దింపింది విశాఖలోనే. ఓడ కట్టేవాళ్ల పని నడిపేవాళ్ల పనికి ఏ మాత్రం తీసిపోదు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసింది ఇది. కాలేజీలో సీటు వచ్చినంత మాత్రాన ఓడలో చోటు దొరికినట్టు కాదు. ఏడాది డిప్లొమా తర్వాత పద్దెనిమిది నెలలు ఓడలో శిక్షణ పూర్తి చేస్తే గానీ సెకండ్ మేట్ పరీక్షకు అర్హత రాదు. ఆ శిక్షణ ఇచ్చేది షిప్పింగ్ కంపెనీలు. ముందే కంపెనీ స్పాన్సర్‌షిప్ సంపాదించినవాళ్లకు బాధ తక్కువ. లేనివాళ్లు కోర్సు ముగించి, సర్టిఫికెట్లు చేతపట్టుకుని ఓడ కోసం తిరుగుతుంటారు. సరిగ్గా అప్పుడే ఏజెంట్లు తగులుతారు. ఇన్ని లక్షలు ఇస్తే నెలలో ఓడ ఎక్కిస్తామంటారు. నావికుడి దగ్గర ఉద్యోగం కోసం డబ్బు తీసుకోవడం అంతర్జాతీయ ఒప్పందానికీ మన దేశ నిబంధనలకూ విరుద్ధం. లైసెన్సు ఉన్న ఏజెన్సీల జాబితా డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. పేరు అందులో లేకపోతే నాన్నగారి చేత ఒక్క రూపాయి కట్టించకండి. పేరు ఉన్నా డబ్బు అడిగితే కట్టకండి.

ఓడ జీవితానికి మనసును సిద్ధం చేసుకునే పనులు ఇంట్లోనే చాలా ఉన్నాయి. ఈత నేర్చుకోండి. పెట్టింది తినడం, మీ బట్టలు మీరే ఉతుక్కోవడం అలవాటు చేసుకోండి. రోజూ కొంతసేపు ఫోన్ పక్కన పెట్టి ఒంటరిగా, విసుగు పడకుండా కూర్చోవడం నేర్చుకోండి. రాత్రి పన్నెండు నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా వాచ్‌లో నిలబడితే కిటికీ అవతల చీకటి తప్ప ఏమీ ఉండదు. నిద్రను చిన్నచూపు చూడకండి. నావికుడికి ఇరవై నాలుగు గంటల్లో కనీసం పది గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ నియమం చెబుతోందంటే, అలసిన కళ్లు ఎంత ముప్పో ఆ నియమం పెట్టినవాళ్లకు అనుభవంతో తెలిసిందన్నమాట.

ఆడపిల్లలు కూడా ఈ రంగంలోకి రావాలని నా కోరిక. సోనాలీ బెనర్జీ 1999లో మన దేశపు తొలి మహిళా మెరైన్ ఇంజినీర్‌గా బయటికొచ్చాక దారి తెరుచుకుంది. ఇంకా విశాలం కావాలి. అబ్బాయిలైనా అమ్మాయిలైనా, ఓడలో ఎవరైనా వేధిస్తే మింగి ఊరుకోవద్దు. కెప్టెన్‌కు చెప్పాలి. అక్కడా వినకపోతే, ఓడల భద్రత కోసం ప్రతి కంపెనీ ఒడ్డున తప్పనిసరిగా నియమించే బాధ్యుడికి చెప్పాలి. ఆయన వివరాలు ఓడలో అందరికీ కనిపించేలా పెడతారు. ఎక్కిన మొదటి రోజే ఆ నంబరు రాసుకోండి.

చివరగా ఇంట్లో మాట్లాడవలసిన మాట. నెలల తరబడి దూరంగా ఉంటారు. అక్క పెళ్లికి రాలేకపోవచ్చు. తాతయ్య పోయారన్న కబురు నడిసముద్రంలో అందవచ్చు, వచ్చే రేవు వారం దూరంలో ఉండవచ్చు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ప్రపంచమంతటా దాదాపు నాలుగు లక్షల మంది నావికులు గడువు దాటినా ఇంటికి చేరే వీలులేక ఓడల్లోనే ఉండిపోయారు. అమ్మానాన్నలకు జీతం గురించి చెప్పినట్టే ఇవన్నీ చెప్పండి. బంధువుల అబ్బాయి ఫొటోలు చూసి ఆశపడుతున్నారా, నిజంగా ఆ పని మీదే మనసుందా అన్నది దాచకుండా చెప్పండి. దగ్గర్లో ఓడలో పనిచేసిన వాళ్లెవరైనా ఉంటే నాన్నను వెంటబెట్టుకుని వెళ్లి, అక్కడి చెడ్డ రోజుల గురించి ఇద్దరూ కలిసి అడగండి. ఇంట్లో వద్దంటే ఎందుకంటున్నారో పూర్తిగా వినండి. విన్నాక కూడా వెళ్లాలనే ఉంటే, ఆ మాట వాళ్లకు అంతే స్పష్టంగా చెప్పి, నోటిఫికేషన్ రాగానే దరఖాస్తు పెట్టండి.