ఎనిమిది గంటల ల్యాబ్: ఆలస్యంగా తెలిసిన సంగతులు

అమీర్‌పేటలో చాలాకాలం నెట్‌వర్కింగ్ పాఠాలు చెప్పాను. అంతకుముందు బెంగళూరు వెళ్లి సిస్కోవాళ్ల సీసీఐఈ ల్యాబ్ పరీక్ష రాశాను. మొదటిసారి తప్పాను, తర్వాత గట్టెక్కాను. అప్పట్లో అది ఆప్షన్లకు టిక్కు పెట్టే పరీక్ష కాదు. ఎనిమిది గంటలు కూర్చుని రౌటర్లు, స్విచ్‌లు అడిగినట్టు పనిచేయించాల్సి వచ్చేది. ఏ పుస్తకం చదవాలని పిల్లలు అడుగుతూనే ఉంటారు. పుస్తకాల సంగతి ఎవరైనా చెబుతారు. నేను చెప్పగలిగింది చేతిపని గురించే.

1. నైబర్ ఎందుకు రాలేదో చెప్పగలిగినవాడికే ఓఎస్‌పీఎఫ్ వచ్చినట్టు.

రెండు రౌటర్లు కలిపి, నాలుగు కమాండ్లు కొట్టి, స్క్రీన్ మీద 'ఫుల్' అని కనపడగానే ల్యాబ్ మూసేసేవాణ్ణి. సజావుగా నడిచేవే కట్టుకుంటూ పోయాను. పరీక్షలో మాత్రం చెడిపోయిన నెట్‌వర్క్‌ని ముందు పెట్టి బాగుచేయమంటారు. అందుకే మీరు పనిగట్టుకుని చెడగొట్టండి. హలో టైమర్ ఒకవైపు 10 సెకన్లు ఉంచి, రెండోవైపు 15 చేయండి. కాసేపాగి 'షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్' కొడితే జాబితా ఖాళీగా ఉంటుంది. దాన్ని సరిచేసి, ఈసారి ఎంటీయూ ఒకవైపు 1500, రెండోవైపు 1400 పెట్టి ప్రాసెస్ క్లియర్ చేయండి. నైబర్ కనపడుతుంది గానీ ఎక్స్‌స్టార్ట్ దగ్గరే కూలబడుతుంది. మామూలు పింగ్ మాత్రం చక్కగా వెళ్తూనే ఉంటుంది, మనిషిని తికమక పెట్టేది అదే. జాబితా ఖాళీగా ఉంటే టైమర్లు, ఏరియా, సబ్‌నెట్ మాస్క్, ఆథెంటికేషన్ చూడాలి. ఎక్స్‌స్టార్ట్‌లో ఆగితే ముందు ఎంటీయూ చూడాలి. ఈ తేడా ఒక్కసారి కళ్లారా చూసినవాడు పరీక్ష హాల్లో కాన్ఫిగరేషన్ మొత్తం తిరగేస్తూ కూర్చోడు.

రీడిస్ట్రిబ్యూషన్‌నీ ఇలాగే చెడగొట్టి చూడండి. ఓఎస్‌పీఎఫ్ రూట్లను ఈఐజీఆర్‌పీలోకి తెచ్చేటప్పుడు మెట్రిక్ ఇవ్వకపోతే ఒక్క రూటూ రాదు, ఎర్రర్ కూడా రాదు. ఆ నిశ్శబ్దానికి అలవాటు పడాలి.

2. ప్రశ్న చివరిదాకా చదవకుండా కీబోర్డు ముట్టుకోవద్దు.

మొదటిసారి నేను తప్పింది సబ్జెక్టు రాక కాదు. ముందు పేజీలో ఉన్న నిబంధనని ఆత్రంలో దాటేశాను. పింగ్ వెళ్లింది, మార్కు మాత్రం రాలేదు. స్టాటిక్ రూటు వాడొద్దన్నచోట వాడితే నెట్‌వర్క్ ఎంత బాగా నడిచినా లెక్కలోకి రాదు. తర్వాత ఇంట్లో సాధన చేసేటప్పుడు కూడా 'వాడకూడనివి' అని కాగితం మీద ఒక పక్కన రాసుకునే పద్ధతి పెట్టుకున్నాను. ఇంకోటి, వెనకవచ్చే ప్రశ్న ముందుదాన్ని పాడుచేస్తుంది. మూడో ప్రశ్నలో పెట్టిన యాక్సెస్ లిస్టు మొదటి ప్రశ్నలోని బీజీపీ సెషన్‌ని చంపేయవచ్చు. మొత్తం చదివినవాడికే అది ముందుగా తెలుస్తుంది.

3. ఉప్పు చూడకుండా వడ్డించొద్దు.

స్విచ్ ట్రంకు మీద కొత్తగా వీలాన్ 30 చేర్చాలి. 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ యాడ్ 30' అని కొట్టాలి. 'యాడ్' మరిచిపోతే 30 ఒక్కటే మిగిలి, అంతకుముందు ఉన్న వీలాన్లన్నీ ఆ ట్రంకు మీంచి ఎగిరిపోతాయి. స్విచ్ అడ్డుచెప్పదు. ఉద్యోగంలో ఉండగా ఒక రాత్రి నేనే ఇది చేశాను. ఆ కార్యాలయంలో ఒక అంతస్తు మొత్తం పడిపోయింది. ఫోను మోగేదాకా నాకు తెలియలేదు, ఎందుకంటే కమాండ్ కొట్టాక 'షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్' చూడలేదు. ఏం మార్చినా వెంటనే షో కమాండ్‌తో చూసుకోవడం, ఆ వెంటనే సేవ్ చేయడం వేళ్లకు అలవాటు కావాలి.

4. డంపులతో పాసైనవాడు ఇంటర్వ్యూలో దొరికిపోతాడు.

దీని మీద ఎక్కువ చెప్పను. దొంగ ప్రశ్నపత్రాలు బట్టీ పట్టి పాసైన కుర్రాళ్లు ఒక్క ట్రేస్‌రూట్ అర్థం చెప్పలేక తలదించుకోవడం ఇంటర్వ్యూ బల్లకు ఇవతల కూర్చుని చూశాను. సిస్కోకు తెలిస్తే సర్టిఫికెట్టూ పోతుంది. నా క్లాసులో ఆ కాగితాలు చేతులు మారుతున్నాయని తెలిసి కూడా చాలాకాలం చూసీచూడనట్టు ఊరుకున్నాను. అప్పుడే గట్టిగా చెప్పి ఉండాల్సింది.

5. పరికరాలు లేవన్న సాకు ఇప్పుడు చెల్లదు.

మా రోజుల్లో పాత రౌటర్లు కొనాలి, లేదా గంటల లెక్కన ర్యాకు అద్దెకు తీసుకోవాలి. తర్వాత డైనమిప్స్ వచ్చింది. ఐడిల్ పీసీ విలువ సరిగ్గా కుదరకపోతే ప్రాసెసర్ వంద శాతానికెక్కి లాప్‌టాప్ పెనంలా కాలేది. ఇప్పుడు జీఎన్ఎస్3, ఈవీఈ-ఎన్‌జీ ఉన్నాయి. సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ కూడా ఐదు నోడ్ల వరకు ఉచితంగా దొరుకుతోంది. సీసీఎన్ఏకి ప్యాకెట్ ట్రేసర్ చాలు. అంతకు పైబడితే చాలదు, అందులో అన్ని కమాండ్లూ పనిచేయవు.

6. నంబరు వచ్చాకే అడగడం నేర్చుకోవాలి.

1993లో సీసీఐఈ మొదలైనప్పుడు, పాసైనవాళ్లకు ఇచ్చే నంబర్లలో మొదటిదైన 1024ని మనిషికి కాక ల్యాబ్‌కే ఇచ్చారు. ఆ తర్వాత వచ్చిన మాబోటివాళ్లకు నంబరంటే కిరీటమే. అది వచ్చాక నేను చిన్నవాళ్లని ఏమీ అడగలేదు, వాళ్లూ నా తప్పు ఎత్తిచూపడానికి జంకేవారు. పైథాన్ నేర్చుకోమని ఒక కుర్రాడు చెబితే నవ్వేశాను. 2020లో సిలబస్ మారి ఆటోమేషన్ కూడా పరీక్షలోకి వచ్చింది. ఎనిమిది గంటల్లో మొదటి మూడూ డిజైన్‌కి పోతాయి, మిగతా ఐదే కాన్ఫిగరేషన్, ట్రబుల్‌షూటింగ్‌లకి. చేతివేగం ఒక్కదాన్నే నమ్ముకున్న నాలాంటివాడు ఇప్పుడు రాస్తే ఆ మొదటి మూడు గంటల్లోనే వెనకబడతాడు.

చివరిగా ఒక మాట. స్లాట్ బుక్ చేసేముందు సిస్కో ఖాతాలో పేరు, పాస్‌పోర్టులో పేరు ఒక్కలాగే ఉన్నాయో లేదో చూసుకోండి. మన ఇంటిపేర్లు ఒకచోట ముందు, ఒకచోట వెనక పడుతుంటాయి. డబ్బు కట్టకముందే సరిచేయించుకోండి.