బడి గదులకు నిధులు ఎలా?

ప్రశ్న: మా ఊరి ప్రాథమికోన్నత పాఠశాలలో రెండు గదుల స్లాబు పెచ్చులూడుతోంది. ఎమ్మెల్యేకు, కలెక్టర్‌కు అర్జీలిచ్చాం. ఫలితం లేదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, అర్జీ ఒక్కటే సరిపోదు. 2009 విద్యాహక్కు చట్టం మీ చేతికి గట్టి ఆధారమే ఇచ్చింది. దాని 22వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీ అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి. ప్రభుత్వ ప్రణాళికలకు, గ్రాంట్లకు అదే ప్రాతిపదిక కావాలి. ఆ కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, సగం మంది మహిళలు. అంటే అడగాల్సింది మీరే.

ముందుగా హెడ్‌మాస్టరు గారిని యూడైస్ (బడుల సమాచారం నమోదు చేసే వ్యవస్థ) వివరాలు చూపించమనండి. చాలా బళ్ల పని ఆగేది ఇక్కడే. శిథిలమైన గది అందులో ‘బాగుంది’ అని నమోదై ఉంటే, పైవాళ్ల లెక్కలో మీకు గదుల కొరతే ఉండదు. తప్పుంటే దిద్దించండి.

తర్వాత కమిటీ తీర్మానం. ‘బడి బాగుచేయాలి’ అని రాస్తే ఎవరికీ పట్టదు. ‘మూడో తరగతి గదిలో చువ్వలు బయటపడ్డాయి, వానొస్తే పిల్లలు వరండాలో కూర్చుంటున్నారు’ అని రాయండి. ఫొటోలు, ఇంజనీరు నివేదిక, స్థలం బడిదేనని చూపే రెవెన్యూ కాగితం జతచేయండి. స్థలం దాత నోటిమాటగా ఇచ్చిందైతే ఇప్పుడే రిజిస్టరు చేయించండి.

బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం ప్రణాళిక ఏటా ఆర్థిక సంవత్సరానికి ముందే తయారవుతుంది కాబట్టి సంక్రాంతిలోపు మీ కాగితాలు మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి చేర్చి, రసీదు తీసుకోండి. ఎంపీ గారికి ఏడాదికి 5 కోట్ల నియోజకవర్గ నిధి ఉంటుంది. అదే ప్రతిని ఆయనకూ ఇవ్వండి. ఈలోగా ఆ రెండు గదుల్లో పిల్లల్ని కూర్చోబెట్టనివ్వకండి.